అల్యూమినియం బోటుకు ఏ రంగు, ఏ జింకు ముక్క? ముందు అది రాత్రి ఎక్కడుంటుందో చెప్పండి

కళింగపట్నం, భావనపాడు వైపు ఎవరైనా అల్యూమినియం బోటు కొంటే నా దగ్గరికి వచ్చి అడిగే మొదటి మాట, "అడుగున ఏ రంగేస్తే గుల్లలు పట్టవు బావా?" అని. నేను తిరిగి అడిగేది, "రాత్రి బోటు ఎక్కడుంటాది?" అని. దానికి జవాబు చెప్పేసరికే సగం మందికి రంగు ఖర్చు తప్పిపోతుంది.

మన తీరం విశాఖ హార్బర్ లాంటిది కాదు. ఇచ్ఛాపురం దగ్గర డొంకూరు నుంచి భోగాపురం దగ్గర ముక్కాం దాకా, వేట నుంచి వచ్చిన తెప్పను నలుగురూ పట్టి ఇసుక మీదికి లాగెయ్యడమే అలవాటు. గుల్లల పిల్లలు కంటికి కనపడనంత చిన్నగా నీళ్ళలో తేలుతూ తిరుగుతాయి. నీళ్ళలో ఉన్న ఏ వస్తువుకైనా ముందు జిగట పాచి పడుతుంది, దాని వెంట ఇవి వచ్చి అతుక్కుని సున్నపు గూళ్ళు కట్టుకుంటాయి. రోజూ ఒడ్డెక్కి ఎండ తగిలే బోటు మీద వాటికి ఆ తీరిక దొరకదు. అదే బోటును మొగ (నది సముద్రంలో కలిసే చోటు) దగ్గర లంగరేసి వదిలేస్తే కథ వేరు. బంగాళాఖాతం ఏడాది పొడుగునా గోరువెచ్చగానే ఉంటుంది కాబట్టి చలిదేశాల్లోలా ఇక్కడ గుల్లలకు సెలవు కాలం అంటూ ఏమీ లేదు. కొన్ని వారాలకే అడుగున చెయ్యి పెడితే గరుకు తగులుతుంది.

ఇసుక మీద పడుకునే బోటు, ఉప్పునీళ్ళలో కట్టేసి ఉండే బోటు, తాటిపూడి, మడ్డువలస లాంటి మంచినీళ్ళ రిజర్వాయర్లో తిరిగే బోటు: ఈ మూడింటికీ ఒకే సలహా ఇచ్చేవాణ్ణి నమ్మకండి. అలాంటి సలహా విని నేను ఒక బోటు పోగొట్టుకున్నాను.

ఎర్ర రంగు డబ్బా

నా మొదటి బోటు పద్నాలుగు అడుగుల రివెట్ల బోటు, సెకండ్ హ్యాండ్. వంశధార మొగకు కొంచెం పైన కట్టేసి ఉంచేవాణ్ణి. గుల్లలు పడుతున్నాయని ఒక షాపులో అడిగితే "అన్ని బోట్లకీ ఇదే" అని ఎర్ర రంగు డబ్బా చేతిలో పెట్టాడు. పక్కనున్న ఫైబర్ బోట్లన్నిటికీ అదే ఉంది, నాకు అనుమానం రాలేదు. రెండు కోట్లు వేశాను.

నాలుగో నెలలో తిరగేసి చూస్తే గుల్ల ఒక్కటీ లేదు. సంతోషపడ్డాను. తర్వాత చూస్తే, ఇసుకకు రాసుకునే నడిమి గట్టు పొడుగునా రంగు కింద చిన్న చిన్న పొక్కులు. ఒకదాన్ని గోరుతో గిల్లితే ముగ్గుపిండి లాంటి తెల్లపొడి రాలింది. పొడి దులిపితే కింద గుంట. స్క్రూడ్రైవర్ మొన పెట్టి కొంచెం నొక్కాను, అవతలికి దిగిపోయింది. పక్కన నిలబడ్డ మా మావయ్య, "గుల్లల్ని చంపమంటే బోటుని చంపీసినావేట్రా" అన్నాడు.

ఆ ఎర్రదనం క్యుప్రస్ ఆక్సైడ్‌ది, అంటే రాగి. ఫైబరుకూ చెక్కకూ అది మంచి మందే. అల్యూమినియం పక్కన రాగి ఉండి, రెండిటినీ ఉప్పునీళ్ళు కలిపితే అక్కడొక బ్యాటరీ తయారవుతుంది. బ్యాటరీలో ఒకటి అరగాలి కదా, అరిగేది ఎప్పుడూ అల్యూమినియమే. రంగు గీసుకుపోయిన చోట, నీళ్ళలో కరిగిన రాగి వచ్చి రేకు మీద చుక్కలు చుక్కలుగా పేరుకుంటుంది. ఒక్కో చుక్క ఒక్కో గుంట తవ్వుతుంది. మన ఇళ్ళలో సిల్వర్ గిన్నెలు చూసినవాళ్ళకు ఇది కొత్తేమీ కాదు. ఉప్పుచేప నానబెట్టిన సిల్వర్ గిన్నెను రెండు రోజులు కడక్కుండా వదిలేస్తే అడుగున తెల్ల మచ్చ, గీకితే గుంట, కొన్నాళ్ళకు చిల్లు, మాటు వేసేవాడి కోసం ఎదురుచూపు. మనం సిల్వర్ అంటున్నది అల్యూమినియమే. ఉప్పు ఒక్కదానికే అంత పని జరిగితే, రాగి తోడైతే ఎంత బేగి జరుగుతుందో చూసుకోండి.

అల్యూమినియానికి దాని ఒంటి మీదే ఒక పొర ఉంటుంది. గాలి తగిలితే చాలు, పలచటి ఆక్సైడు దానంతట అదే పట్టేస్తుంది. ఆ పొరే కాపు. మరీ పులుపూ మరీ క్షారమూ కాని నీళ్ళలో, అంటే పీహెచ్ సుమారు 4 నుంచి 8.5 మధ్య, అది నిలుస్తుంది. సముద్రపు నీళ్ళు 8 దగ్గర ఉంటాయి కాబట్టి మంచి రకం రేకు అయితే రంగే లేకుండా ఏళ్ళ తరబడి బతుకుతుంది. మంచి రకం అంటే 5083, 5086, 5052 లాంటి మెగ్నీషియం కలిసిన మిశ్రమాలు. 5083లో మెగ్నీషియం 4 నుంచి 4.9 శాతం, రాగి 0.1 శాతానికి మించకూడదు. కిటికీల షాపులో దొరికిన రేకుముక్కతో అతుకేయించుకుంటే ఆ లెక్క తప్పిపోతుంది. రిపేరుకు వెల్డింగ్ వైరు 5356 గానీ 5183 గానీ అని అడగండి. పేరు తెలియని వైరుతో అంటించే వెల్డరు దగ్గర ఆగకండి.

రంగు వెయ్యాలా, వేస్తే ఏది?

ఇసుక మీదికి లాగే బోటుకు నా సలహా: గుల్లమందు రంగు వద్దు. నిజానికి అడుగున ఏ రంగూ లేకపోయినా నడుస్తుంది. రంగు ఉన్నచోట చిరిగితే ఆ చిరుగు కింద నీళ్ళు ఇరుక్కుంటాయి, గాలి ఆడదు, అక్కడే గుంట మొదలవుతుంది. ఒళ్ళంతా వట్టిగా ఉన్న రేకుకు ఆ ఇబ్బంది తక్కువ. చూడ్డానికి బూడిదరంగులో మొద్దుగా ఉంటుంది, అంతే. ఫొటోలకు అందం కావాలంటే పక్కగోడల మీద, నీటిగీతకు పైన రంగేసుకోండి.

ఉప్పునీళ్ళలో కట్టేసి ఉంచక తప్పనివాళ్ళకు అసలు ఎంపిక ఇక్కడ మొదలవుతుంది. డబ్బా మీద పేరు కాదు, వెనక చిన్న అక్షరాల్లో మందు ఏమిటో చదవండి. క్యుప్రస్ ఆక్సైడ్ అని ఉంటే ఎంత చవకైనా అక్కడే పెట్టెయ్యండి. ఎరుపే కాదు, నలుపు, నీలం డబ్బాల్లో కూడా అది ఉంటుంది కాబట్టి రంగు చూసి తేల్చుకోవద్దు. క్యుప్రస్ థయోసయనేట్ అని ఉంటే అదీ రాగి సంబంధమే గానీ అల్యూమినియాన్ని అంతగా కొరకదు. ఇంటర్నేషనల్ అనే రంగుల కంపెనీ వాళ్ళ ట్రైలక్స్ 33 ఆ జాతిదే. ఈ మందు తెల్లగా ఉంటుంది, అందుకే ఈ జాతి రంగుల్లో తెలుపు, లేత రంగులు కూడా దొరుకుతాయి. మూడో దారి రాగి అసలు లేనివి: జింక్ పైరిథియోన్ పాచిని ఆపుతుంది, ఎకోనియా అనే ట్రాలోపైరిల్ గుల్లల్ని ఆపుతుంది, రెండూ కలిపి వచ్చే డబ్బాలు ఉన్నాయి. ఖరీదు ఎక్కువ, మన ఊళ్ళ షాపుల్లో అడిగితే తెప్పించాల్సిందే.

థయోసయనేటా, రాగి లేనిదా అంటే నా మొగ్గు రాగి లేనిదానికే. థయోసయనేట్ పనికిరాక కాదు. దాని కింద ఎపాక్సీ (రేకుకూ రంగుకూ మధ్య వేసే గట్టి అస్తరు) పొర మందంగా, చెక్కుచెదరకుండా ఉండాలి, మన వాడకంలో అది ఉండదు. పాటు సమయంలో, అంటే నీళ్ళు వెనక్కి తీసినప్పుడు, బోటు ఇసుక తిన్నె మీద కూర్చుంటుంది, వల ఇనుము తగులుతుంది, ఎవడో గెడతో పొడుస్తాడు. గీత పడిన చోట రాగి లేని రంగైతే కనీసం బ్యాటరీ తయారవదు. బోటును జాగ్రత్తగా జెట్టీకి కట్టుకుని, ఏడాదికోసారి పైకెత్తి చూసుకునేవాళ్ళు థయోసయనేట్ నిశ్చింతగా వాడుకోవచ్చు. కొంత డబ్బూ మిగులుతుంది.

ఈ రంగుల్లో ఇంకో తేడా ఉంది. సబ్బులా కొద్దికొద్దిగా అరుగుతూ కొత్త మందు బయటపెట్టే రకం ఒకటి, గట్టిగా ఉండిపోయి లోపలి మందు మాత్రమే ఊరే రకం ఒకటి. అరిగే రకం తరచూ తిరిగే బోటుకు బాగుంటుంది. నీళ్ళలో కట్టి ఉంచుతూ అప్పుడప్పుడు ఇసుక మీదికి ఎక్కించే బోటుకు అది నాలుగు లాగుళ్ళలో ఒడ్డునే అరిగిపోతుంది. దానికి గట్టి రకమే.

సిలికాన్ పూత గురించి కూడా అడుగుతున్నారు. అందులో మందే ఉండదు, ఒట్టి జారుడు. గుల్ల అతుక్కున్నా పట్టు దొరకదు, బోటు వేగంగా పోతే ఊడిపోతుంది. పెద్ద ఓడలకు బాగా పనిచేస్తుంది. మన ఇసుకకు ఒక్కసారి రాసుకుంటే చిరిగిపోతుంది, ఆ డబ్బు పెట్టకండి. బోటు లోపల అతికించే అల్ట్రాసౌండ్ పరికరాలు మాత్రం పూర్తిగా కొట్టిపారేసేవి కావు. చెక్క కంటే లోహపు రేకు ఆ కంపనాన్ని బాగా మోసుకెళ్తుంది కాబట్టి అల్యూమినియం బోటులో వాటి పని కొంత నయం. ఇరవైనాలుగు గంటలూ కరెంటు కావాలి, సోలార్ పలకా బ్యాటరీ పెట్టుకోవాలి. పాచిని తగ్గిస్తుంది, ఇప్పటికే గూడు కట్టిన గుల్లను ఊడదీయలేదు. రంగుకు తోడుగా అయితే సరే, రంగు బదులుగా వద్దు.

పాత స్టాకులో తగరం మందు ఉన్న డబ్బా ఎవరైనా ఇస్తే తీసుకోకండి. ఒకప్పుడు అల్యూమినియం బోట్లకు అదే ఇష్టమైన మందు, రాగిలా రేకును తినదు కాబట్టి. ట్రైబ్యుటైల్ టిన్ అంటారు. దానివల్ల ఆడ నత్తలకు మగ అవయవాలు పుట్టుకొచ్చాయి, ఆలిచిప్పలు పాడయ్యాయి. అందుకని దాన్ని నిషేధిస్తూ 2001లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది, 2008 సెప్టెంబర్ 17 నుంచి అమల్లోకి వచ్చింది. మనం పట్టుకుని తినేది ఆ నీళ్ళలోనే.

ఏ రంగైనా నిలిచేది కింది పని మీదే. ముందు నూనె, గ్రీజు పూర్తిగా తుడవాలి. ఆ తర్వాతే గరుకు పట్టాలి, వరస మారిస్తే గ్రీజును రేకులోకి రుద్దినట్టవుతుంది. 80 నంబరు అల్యూమినియం ఆక్సైడ్ కాగితం సరిపోతుంది. ఇనుప బ్రష్షు ముట్టుకోవద్దు, దాని ముక్కలు రేకులో ఇరుక్కుని తుప్పు మచ్చలు పడతాయి. బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక లాంటి పొడి కొట్టి గరుకు పట్టించడం) చేయిస్తే ఇంకా జాగ్రత్త: స్టీలు ఓడలకు వాడే కాపర్ స్లాగ్ పేరులోనే రాగి ఉంది, మనకు గార్నెట్ గానీ అల్యూమినియం ఆక్సైడ్ గానీ కావాలి. గరుకు పట్టిన వెంటనే, అదే పూట, మొదటి ఎపాక్సీ కోటు పడిపోవాలి. భోజనం చేసి వద్దాం అనుకుంటే ఈలోగా ఆక్సైడు మళ్ళీ పట్టేస్తుంది. ఎపాక్సీ డబ్బా చెప్పినన్ని కోట్లు వెయ్యండి. ఆఖరి కోటు మీద బొటనవేలు పెడితే ముద్ర పడి, వేలికి రంగు అంటకుండా ఉన్నప్పుడు గుల్లమందు రంగు మొదటి కోటు వేస్తే రెండూ కలిసిపోతాయి.

దీనికి మనకు దొరికే సమయం వేట నిషేధం, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు. తీరిక అప్పుడే, ఎండా అప్పుడే. మే నెల మధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టలేం, అంత వేడి మీద ఎపాక్సీ పరుచుకోకముందే బిగుసుకుంటుంది. తెల్లవారుజామున చల్లగా ఉంటుంది గానీ రేకు మీద మంచు చెమట ఉంటుంది. రేకు వేడి మంచు పట్టే స్థాయికి కనీసం 3 డిగ్రీలు పైన ఉండాలని లెక్క. పందిరి వేసుకుని, తడి పూర్తిగా ఆరాక పొద్దున కొంత, నాలుగు దాటాక కొంత చేసుకోవడమే మేం చేసేది.

జింకు ముక్కలు

బోటు బదులు అరగడానికి అడుగున బిగించే ముక్క దేన్నైనా మనవాళ్ళు జింకు ముక్క అనే అంటారు. నిజానికి మూడు రకాలు. జింకు ఉప్పునీళ్ళకు. అల్యూమినియం ముక్క ఉప్పుకూ, సగం ఉప్పు సగం మంచి అయిన మొగ నీళ్ళకూ. మెగ్నీషియం మంచినీళ్ళకు మాత్రమే. ఇవి బోటుకంటే ముందు తామే అరిగి బోటును కాపాడతాయి.

మొగల్లో ఉండేవాళ్ళకు నేను అల్యూమినియం ముక్కే చెప్తాను. వర్షాకాలంలో వంశధార, నాగావళి వరద దిగినప్పుడు మొగలో నీళ్ళు చప్పబడతాయి. వేసవిలో అవే నీళ్ళు నోట్లో పెట్టుకోలేం. మంచినీళ్ళలో జింకు మీద ఒక పొర గడ్డకట్టి అది పని మానేస్తుంది, మళ్ళీ ఉప్పు వచ్చినా లేవదు. చూడ్డానికి ముక్క కొత్తగా, నిండుగా ఉంటుంది. మనం "అరగలేదు, బాగుంది" అనుకుంటాం. అరగకపోవడమే రోగం. పైగా కిలోకు కిలో చూస్తే అల్యూమినియం ముక్క జింకు కంటే సుమారు మూడింతల పని చేస్తుంది, బరువూ తక్కువ.

తాటిపూడిలో తిప్పే బోటుకు మెగ్నీషియం. ఆ బోటును ఏదో పండగకి భీమిలికో కళింగపట్నానికో తెస్తే ముందు ఆ ముక్కలు విప్పెయ్యండి. ఉప్పునీళ్ళలో మెగ్నీషియం కొవ్వొత్తిలా కరిగిపోతుంది, కరుగుతూ బోటుకు అతిగా కాపలా కాస్తుంది. స్టీలుకు అతి కాపలా వల్ల పెద్ద నష్టం లేదు. అల్యూమినియం అలా కాదు, రేకు చుట్టూ క్షారం పెరిగి రంగు పొక్కి, రేకే కరుగుతుంది. కొలిచే సాధనం ఉన్నవాళ్ళకు అంకె చెప్తాను: వెండి-సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడుతో (ఇక్కడ సిల్వర్ అంటే అసలు వెండే) నీళ్ళలో ఉన్న రేకును కొలిస్తే మైనస్ 0.95 నుంచి మైనస్ 1.10 వోల్టుల మధ్య ఉండాలి.

ముక్క వెనక రేకు మీద రంగు ఉంటే కరెంటు అందదు, అక్కడ గీకి లోహానికి లోహం తగిలేలా బిగించాలి. ముక్క మీద రంగు వెయ్యకూడదు. నవ్వకండి, బోటు కొత్తగా కనపడాలని ముక్కలకూ నున్నగా రంగేసి తెచ్చినవాళ్ళను చూశాను. సగం అరిగితే మార్చెయ్యాలి. ఇంజను కాలికి, అంటే నీళ్ళలోకి దిగే భాగానికి, దాని సొంత ముక్కలు ఉంటాయి, వాటినీ చూడాలి.

బోటు లోపలి శత్రువులు

బయట ఎంత ఖర్చుపెట్టినా లోపలి నుంచి చిల్లుపడే బోట్లే నేను ఎక్కువ చూశాను. అడుగున పడి మరిచిపోయిన రాగి వైరు ముక్క, ఇత్తడి నట్టు, వలకు కట్టే సీసం గుండు, గంగమ్మకు వేసి లోపలే పడిపోయిన రూపాయి బిళ్ళ: ఉప్పునీళ్ళలో ఇవన్నీ ఒక్కో బ్యాటరీ. నేల పలకల కింద తడిసి ముద్దయిన ప్లైవుడ్డు, గోనెసంచి కూడా అంతే, గాలి ఆడక తెల్ల పుండు పడుతుంది. చెదపట్టకుండా మందు పట్టించిన చెక్కలో రాగి ఉండొచ్చు, అది అల్యూమినియానికి తగలకూడదు.

స్టెయిన్‌లెస్ బోల్టు తప్పదనుకుంటే మధ్యలో నైలాన్ వాషరు, మరకు డ్యూరలాక్ లాంటి పేస్టు పెట్టండి. బ్యాటరీ నెగటివ్ వైరును బాడీకి కట్టి ఆటోలో లాగ లైట్లు వెలిగించే మెకానిక్కులు ఉన్నారు. ఆటోకు చెల్లుతుంది. నీళ్ళలో ఉన్న బోటుకు ఆ కరెంటు లీకైతే నెలలు పట్టే పని రోజుల్లో అయిపోతుంది. లైటుకు రెండు వైర్లూ వేరుగా లాగించండి.

గుల్లలు పట్టేస్తే

ఒడ్డెక్కించిన వెంటనే, తడి ఆరకముందే గీకితే సగం శ్రమ. ఎండిపోయాక గుల్ల ఊడినా దాని తెల్ల అడుగు బిళ్ళ ఉండిపోతుంది, ఆ బిళ్ళ కింద గాలి ఆడక గుంట పడుతుంది. చెక్క గరిటె, ప్లాస్టిక్ పలక, నీళ్ళ ప్రెజర్ చాలు. బాత్రూం కడిగే యాసిడ్ పోస్తే గుల్ల బుసబుసా కరుగుతుంది, చూడ్డానికి బాగుంటుంది, ఆ బుడగల్లో కొన్ని మీ రేకువి. సోడా, సున్నం, బూడిద కూడా వద్దు, క్షారం అల్యూమినియానికి యాసిడ్ అంత చేటు.

పాత బోటు కొనేవాళ్ళకు

అమ్మేవాడు కొత్త రంగు కొట్టి చూపిస్తే మరింత అనుమానంతో చూడండి. అడుగున ఎరుపు పొర ఉందేమో ఒక మూల గీకి చూడండి. ఉంటే బేరం అక్కడ ఆపెయ్యండి, నేనైతే సగం ధరకు కూడా తీసుకోను. లేకపోతే బోటును రెండు దుంగల మీద పెట్టించి, లోపల అడుగు రేకు మునిగేంత నీళ్ళు పోయించండి. కింద పాత పేపర్లు పరిచి టీ తాగి రండి. పేపరు మీద ఎక్కడ తడి చుక్క పడితే దానికి పైన ఆ చుట్టుపక్కల రివెట్టు వదులైందో, గుంట చిల్లయ్యిందో ఉంటుంది. అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. చెవి వెనక పెట్టుకున్న పెన్సిల్ తియ్యకండి, దాని గీతలో గ్రాఫైటు ఉంటుంది, ఉప్పునీళ్ళలో అదీ అల్యూమినియాన్ని తింటుంది.